గొంతుమూత

సింహాచలం చప్పుడు కొలిచే చెవిపెట్టెను పొగగొట్టం దగ్గర పెట్టింది. ముల్లు ఇరవైరెండు గుసల దగ్గర ఆగింది. నియమం ప్రకారం ముప్పై దాటకూడదు. ఘాటు రోడ్డు మొదట్లో ఉన్న ఈ తనిఖీ గేటుకి దాలినాయుడి బండి అంత బుద్ధిగా వచ్చే బండి మరొకటి లేదు. పోయిన నెలే మెచ్చుకుని అతని కార్డు మీద నీలం ముద్ర కొట్టింది.

"అమ్మగోరూ, ముల్లు కాదు, ఎనకాల సూడండి," అన్నాడు దాలినాయుడు.

వెనక బల్ల మీద అతని పెళ్లాం పైడితల్లి. పెదాలు నీలంగా ఉన్నాయి. పదకొండేళ్లు సైలెన్సర్ల కార్ఖానాలో గాజుదూది కూరింది. ఆ దూదే ఇప్పుడు ఊపిరితిత్తుల్లో కూరుకుంది. పక్కన ఆక్సిజన్ సిలిండరు. ఆసుపత్రి కొండ మీద, మౌననగరంలో. పైవాళ్ల నిద్ర చెడకూడదని కిందివాళ్ల బండ్లకి మూడేసి సైలెన్సర్లు.

"సిలిండరు ఎంతసేపొస్తుంది?"

"నలభై నిమిషాలు."

"బండి?"

"గంట. అదీ ఏడో మలుపులో ఆగిపోకపోతే. జరిమానా భయానికి నాలుగోది కూడా కట్టించీసినాను. మీరు ముద్ర కూడా కొట్టినారు కదా."

ఆమె వంగి నాలుగు సైలెన్సర్లనీ చూసింది. ఇంజనూ ఊపిరి పీల్చుకునేదే. పొగ పోకపోతే కొత్త గాలి రాదు. ముక్కూ నోరూ మూసేసి కొండెక్కమంటే ఏ ప్రాణి ఎక్కుతుంది? పదేళ్ల ఉద్యోగంలో ముల్లు చూసింది గానీ ఇది చూడలేదు.

సైలెన్సర్లకి ముందు గొట్టానికి గొంతుమూత ఉంటుంది. తెరిస్తే పొగ నేరుగా బయటపడుతుంది. మంటలార్పే బండ్లు తప్ప ఎవరూ తెరవకూడదు. దానికి రాగితీగ, సీసం సీలు. సీలు మీద సింహాచలం తన పటకారుతో నొక్కిన నంబరు.

"పైకి ఫోన్ చేసి అనుమతి అడుగుతాను."

"అడగండి. మా బావకి కూడా వొచ్చింది అనుమతి. దినాలు అయిపోయినాక."

పైడితల్లి చెయ్యెత్తింది. "మావా... ఆయమ్మకీ పిల్లలుంతారు... మెల్లిగానే పోదాం పద."

ఆ మాటకి సింహాచలం ఆగలేకపోయింది. బండి కిందికి దూరింది. వేడి గొట్టం మోచేతిని కాల్చింది. పటకారు రెండుసార్లు జారింది. మూడోసారి తన సీలు తానే తెంపేసి మూత తెరిచింది.

"పో!"

బండి అరిచింది. గేటు మీద ఎర్రదీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. వరసలో ఉన్న డ్రైవర్లు చెవులు మూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే చేతులు దించారు.

గేటు దాటిన బండి చప్పుడు వినడం ఆమెకిదే మొదలు. మూడో మలుపు. అయిదు. ఏడో మలుపులో చప్పుడు కుంగింది. ఆమె గోళ్లు అరచేతిలో దిగాయి. కుంగింది, గునిసింది, మళ్లీ లేచింది. ఆఖరిదైన పన్నెండో మలుపు దాటాక సన్నబడింది గానీ ఆగలేదు. గడియారం చూసింది. పంతొమ్మిది నిమిషాలు.

గేటు ఫోను దీపం టపటపా కొట్టుకుంటోంది. ఆమె ఎత్తలేదు.

వరసలో తర్వాతి లారీ డ్రైవరు దిగి వచ్చాడు. నేల మీద చెవిపెట్టె, దాని పక్కనే పటకారు పడి ఉన్నాయి. అతను వంగి పటకారు తీశాడు, లుంగీకి తుడిచి ఆమె చేతికిచ్చి, తన లారీ కిందికి చూపించాడు.