టేపు అవతలి కొస

అరవై రెండో సంవత్సరం, చలికాలం వెళ్లిపోతున్న రోజులు.

ఏటి ఒడ్డు వీధి చివర దర్జీ ఇల్లు ఉండేది. రెండంతస్తులు, కిందా పైనా మూసిన కిటికీలు, ముందు తలుపుకి పిడికిలంత తాళం. దర్జీ పోయి అప్పటికి ఆరేళ్లు. పెళ్లాం పుట్టింటికి వెళ్లిపోయిందని దర్జీ తమ్ముడు చెప్పాడు. పిల్లలు లేరు. ఇల్లు ఖాళీ.

ఖాళీయే... కానీ పొద్దుగూకాక లోపలినుంచి కుట్టుమిషను చప్పుడు వచ్చేది.

టక టక టక టక... కాసేపు ఆగి, మళ్లీ టక టక. లోపల వెలుతురు లేదు, గుడ్డిదీపం కూడా లేదు. ముందే డబ్బు తీసుకున్న చొక్కాలేవో దర్జీ కుట్టుకుంటున్నాడని కొందరు, పెళ్లాం తిరిగొస్తుందని ఆవిడ రవికలు కుడుతున్నాడని కొందరు. ఎవరేమన్నా చీకటి పడ్డాక ఆ ఇంటి ముందునుంచి నడిచేవాడు లేడు. నడవక తప్పనివాడు చెవులు మూసుకుని పరిగెత్తేవాడు.

ఆ ఏడే మున్సిపాలిటీవాళ్లు ఊళ్లో ఇళ్లన్నిటికీ కొత్తగా విలువ కట్టించి, దాని మీద పన్ను వెయ్యాలనుకున్నారు. విలువ కట్టేదెవరు? ఆఫీసులో పది మంది గుమస్తాలుంటే పది మందికీ ఊరంతా చుట్టాలే. ఒకడు మేనమామ మేడని పెంకుటిల్లుగా రాస్తే, ఇంకొకడు వియ్యంకుడి కొట్టుని పశువుల పాకగా రాశాడు. చివరికి పెద్దలంతా కూర్చుని, బయటి ఊరి మనిషిని పెట్టుకుందాం, వాడికి ఇక్కడ చుట్టమూ ఉండడు, పక్కమూ ఉండడు అని తీర్మానించారు.

అలా వచ్చాడు కొలతలాయన.

యాభై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా, టేపులాగే ఉండేవాడు. ముప్పై ఊళ్లలో ఇళ్లు కొలిచాడు, ఒక్క ఊళ్లోనూ కాఫీ తాగలేదు. హెడ్ గుమస్తా మొదటిరోజే భోజనానికి పిలిస్తే, "మీ ఇల్లు ఇంకా కొలవలేదండీ" అన్నాడు. ఆ మాట మర్నాటికల్లా ఊరంతా పాకింది.

ఆయన పద్ధతి వేరు. పగలు గోడలు కొలిచేవాడు, రాత్రి దీపాలు చూసేవాడు. ఖాళీ ఇంటికి సగం పన్నే గనుక, పగలు తాళం వేసి ఖాళీ అని చెప్పి రాత్రి లోపల కాపురముండే ఘనులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అందుకే ఆయన పుస్తకంలో ప్రతి ఇంటికీ చివర ఒక గడి. 'మనుషులు: ఉన్నారు' లేదా 'లేరు'. కళ్లారా చూడకుండా ఆ గడి నింపేవాడు కాదు.

ఇంకో సంగతి. ఆయన ఒక్కడే కొలిచేవాడు. తలుపు చట్రానికి మేకు కొట్టి, టేపు కొస ఉన్న రింగు దానికి తగిలించి, వెనక్కి నడుచుకుంటూ వెళ్లేవాడు. అంతకు ముందు మేకు అక్కరుండేది కాదు. ఇరవై రెండేళ్లు ఆ కొస పట్టుకున్నది ఆయన భార్య. అవతలి గోడకి ఆనించి రెండుసార్లు చిన్నగా లాగేది — ఊఁ, పట్టుకున్నా, చదువుకో అని. కిందటి వానాకాలం ఆవిడకి దగ్గు పట్టుకుంది. "ఇంక ఒక్క వీధే ఉంది, అయిపోనీ" అన్నాడు ఈయన. వానలో తడుస్తూనే ఆ వీధి పూర్తిచేసింది. పది రోజులకి పోయింది.

దర్జీ ఇల్లు ఆఖరున మిగిలింది. పగలు ఎన్నిసార్లు వెళ్లినా దర్జీ తమ్ముడు దొరకలేదు. దొరికిన రోజున పొద్దుగూకింది.

"బయటినుంచి కొలుచుకోండి బాబాయ్," అన్నాడు నసుగుతూ. "లోపల... మంచిది కాదు. ఊళ్లో ఎవర్నయినా అడగండి."

"అడిగాను. దెయ్యానికి పొడవూ వెడల్పూ లేవు గాని ఇంటికున్నాయి. తాళం ఇలా తే."

తమ్ముడు తాళంచెవి ఇచ్చి, వీధి మొగలోనే ఆగిపోయాడు.

కొలతలాయన లాంతరు పట్టుకుని ఒక్కడే నడిచాడు. ఏటి మీదనుంచి చలిగాలి. గుమ్మం ముందుకి వచ్చేసరికి —

టక టక టక టక.

ఆగాడు. తాళంచెవి తిప్పాడు. ఆ కిర్రుమన్న చప్పుడుతోనే లోపలి చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

పొడుగాటి హాలు. ఒకప్పుడు ఇదే కొట్టు. లాంతరు వెలుగు సగం దూరం కూడా పోవడం లేదు. నూనె వాసన... మిషను నూనె వాసన. తాజాగా ఉంది.

"ఎవరూ?" అన్నాడు.



పనిచేసే మనిషికి ధైర్యం పనిలోనే ఉంటుంది. లాంతరు కింద పెట్టి, అవతలి తలుపు చట్రానికి తడుముకుంటూ మేకు కొట్టాడు. రింగు తగిలించాడు. టేపు వదులుతూ వెనక్కి, వెనక్కి, వెలుతురులోకి నడిచాడు. వీపు గోడకి తగిలింది. టేపు బిగించబోయాడు.

మేకు ఊడిపోయింది. టేపు జారి నేల మీద పడ్డ చప్పుడు వినిపించింది.

విసుక్కుంటూ వంగాడు, చుట్టేద్దామని...

టేపు కదిలింది.

నేలమీదనుంచి మెల్లగా పైకి లేచింది. చీకట్లోకి, తిన్నగా, నడుమెత్తున నిలబడింది. తర్వాత చిన్నగా లాగింది. ఒకసారి... ఇంకొకసారి.

పారిపోవాలనిపించలేదట ఆయనకి. ఆ మాట తర్వాత తనే చెప్పాడు. అవతలి కొసన ఉన్నది దెయ్యమే అయితే అది ఎవరి దెయ్యమో తనకి తెలుసనుకున్నాడు. కళ్లు మసకబారాయి. అలవాటు చొప్పున, అంకె పైకి చదివాడు.

"ఇరవై ఆరూ ముప్పావు."

చీకట్లోంచి గుసగుస వచ్చింది.

"ఇరవై ఆరున్నరే ఉండాలి. మధ్యలో టేపు వేలాడుతోంది... బిగించి చూడండి."

బిగించాడు. ఇరవై ఆరున్నరే.

"నువ్వేనా?" అన్నాడు.

"ఎవరనుకున్నారో గాని, నేను కానన్నయ్యా," అంది ఆ గొంతు. "నేను దర్జీ భార్యని."

లాంతరు తీసుకుని దగ్గరికి వెళ్లాడు. వెలుతురు పడగానే ఆవిడ చేత్తో కళ్లు కప్పుకుంది. పాలిపోయిన ముఖం, నెరిసిన జుట్టు, మెడలో గుడ్డటేపు. పక్కన మిషను మీద సగం కుట్టిన చొక్కా.

"పుట్టింటికి వెళ్లారన్నారే?"

"పుట్టిల్లు ఉంటేగా వెళ్లడానికి."

"ఆరేళ్లుగా ఇక్కడేనా? దీపం లేకుండానా?"

"దీపం పెడితే మనుషులున్నట్టేనట. పన్ను రెండింతలట. మా మరిది కట్టలేనన్నాడు. 'ఉండు వదినా, దీపం మాత్రం పెట్టకు' అన్నాడు. ఉంటున్నా. కుట్టినవి తెల్లారకుండా మా తోటికోడలు పెరటి దారిన పట్టుకెళుతుంది."

"చీకట్లో కుట్టడమెలా?"

"మొదట్లో వేళ్లు కుట్టుకునేదాన్ని. ఇప్పుడు వేళ్లకే కళ్లొచ్చాయి."

"ఊళ్లో మిమ్మల్ని దెయ్యమంటున్నారు."

"అననివ్వండి. దెయ్యానికి అద్దె లేదు, పన్ను లేదు." కొంచెం నవ్వింది.

ఆయన నవ్వలేదు. "టేపు ఎందుకు పట్టుకున్నారు? పట్టుకోకపోతే మీరున్నారని నాకు తెలిసేది కాదు."

ఆవిడ మెడలోని గుడ్డటేపు కొస వేలికి చుట్టుకుంది.

"కొస కింద పడిందన్నయ్యా. చెయ్యి దానంతటదే వెళ్లింది. గుడ్డ కొలిచేటప్పుడు ఒక కొస మా ఆయనది, ఒక కొస నాది. నోటి నిండా గుండుసూదులుండేవి కదా, మాట్లాడ్డానికి లేదు. పట్టుకున్నానని రెండుసార్లు లాగేదాన్ని."

కొలతలాయన నేలమీద కూలబడ్డాడు. చాలాసేపు తల ఎత్తలేదు. ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. ముప్పై ఊళ్లలో కొలిచే ఇంట్లో ఆయన తాగిన మొదటి నీళ్లు అవే.

"పుస్తకంలో ఏం రాస్తారు?" అని అడిగింది చివరికి.

"ఉన్నది రాస్తాను. అదే నా పని."

"రాయండి. తప్పు లేదు. కాకపోతే మా మరిది ఇల్లు అమ్మేస్తాడు. వాడూ చెడ్డవాడు కాదు, నలుగురు పిల్లలు. నాకు ఈ మిషను పెట్టుకోడానికి ఇంకో చోటు లేదు. అంతే."

ఆయన పుస్తకం తెరిచాడు. ఎప్పుడో ఒక ఊళ్లో, ఒక గుడ్డి ముసలాయన ఇంటికి ఒక గది తగ్గించి రాయకూడదూ అని భార్య బతిమాలింది. రాయలేదు. ఇంకో ఊళ్లో ఇంకొకరి కోసం అడిగింది. అప్పుడూ రాయలేదు. ఆ తర్వాత ఆవిడ అడగడం మానేసింది. అవతలి కొస పట్టుకుని, రెండుసార్లు లాగి, ఊరుకునేది.

చివరి గడిలో రాశాడు. 'మనుషులు: లేరు.'

ఇరవై మూడేళ్లలో ఆయన రాసిన మొదటి అబద్ధం అది. రాసి, "ఇప్పుడు సరేనా?" అన్నాడు పైకే. తననే అడిగాడనుకుని దర్జీ భార్య చేతులు జోడించింది.

పుస్తకం బ్రహ్మాండంగా ఉందన్నారు ఊరివాళ్లు. పన్ను పెరిగినవాళ్లు తిట్టుకున్నారు గాని, తప్పు పట్టలేకపోయారు. "ఆయన ఉందంటే ఉంది, లేదంటే లేదు" అన్న మాట ఊళ్లో సామెతై కూర్చుంది. కొలతలాయన తన ఊరు వెళ్లిపోయాడు.

ఆ వానాకాలం ఏరు పొంగింది.

మూడు రోజుల వరద. పల్లపు వీధులన్నీ మునిగాయి. పడవలు తక్కువ, ఇళ్లు ఎక్కువ. ఎక్కడ మనుషులున్నారో అక్కడికే పడవ పంపాలి. మరి ఎక్కడున్నారు? హెడ్ గుమస్తా కొలతలాయన పుస్తకం తీశాడు. 'లేరు' అని ఉన్న ఇళ్లన్నీ పెన్సిలుతో కొట్టేసి, మిగతావి పడవవాళ్లకి రాసిచ్చాడు.

దర్జీ తమ్ముడు మెడలోతు నీళ్లలో వచ్చి కాళ్ల మీద పడ్డాడు. "మా వదిన లోపలే ఉంది. పడవ పంపండి."

"ఆరేళ్లనుంచీ ఖాళీ అని సంతకాలు పెట్టింది నువ్వే కదయ్యా?"

"అబద్ధమాడాను. పన్ను కోసం."

"ఇప్పుడు సామాను కోసం ఆడుతున్నావు." హెడ్ గుమస్తా పుస్తకం తిప్పి చూపించాడు. "నీ మాట నమ్మనా, ఆయన రాత నమ్మనా? ఆయనకి ఇక్కడ చుట్టమా, పక్కమా?"

రెండో రాత్రి ఒక పడవ ఏటి ఒడ్డు వీధిలోంచే పోయింది. దర్జీ ఇల్లు సగం పైగా మునిగి ఉంది. పై అంతస్తులోంచి, వాన హోరులో —

టక టక టక టక.

ఆగకుండా, గబగబా. మధ్యలో ఆడగొంతు కూడా వినిపించిందట. అది విన్నాక పడవవాళ్లు ఇంకా గట్టిగా తెడ్లు వేశారు.

తెల్లారేసరికి నీళ్లు పై అంతస్తు కిటికీలు దాటాయి. నీళ్లు తీశాక, నాని బిగుసుకుపోయిన తలుపు పగలగొట్టారు. మిషను పై గది కిటికీ దగ్గర ఉంది. దాంట్లో దారం లేదు. సూది కింద గుడ్డా లేదు.

కబురు అంది కొలతలాయన వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. చీకటి పడ్డాక దర్జీ ఇంటికి ఒక్కడే వెళ్లాడు. లాంతరు పట్టుకెళ్లలేదు. హాల్లో టేపు కొస అవతలికి విసిరి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఎవరో ఒకరు... ఎవరయినా సరే... పట్టుకుంటారని.

తెల్లవారేదాకా నిలబడ్డాడు. టేపు కదల్లేదు.

పొద్దున్నే మున్సిపాలిటీకి వెళ్లి, పుస్తకంలో ఆ గడి కొట్టేసి, 'ఉన్నారు — ఒకరు' అని దిద్ది సంతకం పెట్టాడు. మళ్లీ ఏ ఊరూ ఆయన్ని పిలవలేదు.

పదకొండు వందల ఇళ్లున్న ఆ ఊళ్లో, ఆ వరదకి పోయిన ప్రాణం అదొక్కటే.