మూడో గుంజ దగ్గర పీట

1983 జనవరి. చందర్లపాడు పక్క ఊళ్ళో, సాంబయ్య పొగాకు పాకలో ఉదయం ఏడింటికే పద్నాలుగు మంది ఆడవాళ్ళు కర్రలకు పచ్చాకు అల్లుతున్నారు. మూడో గుంజ దగ్గర పీట ఖాళీగా ఉంది. కిందటి జనవరిలో సాంబయ్య కోడలు జయమణి కూర్చున్న పీట అది. అప్పటి నుంచి దాని మీద ఎవరూ కూర్చోలేదు. తీసెయ్యమని కూడా ఎవరూ అనలేదు.

వంటింట్లో సాంబయ్య భార్య రాఘవమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని ఆగింది. చేదు. ఆకు జిగురు చేతికి పట్టిన రోజుల్లో అన్నం చేదుగా ఉంటుందని ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. కానీ రాఘవమ్మ ఈ ఏడు ఇంకా ఆకు ముట్టలేదు. అన్నం పెట్టింది జయమణి.

జయమణి దొడ్లోకి పరిగెత్తి వాంతి చేసుకుంది.

"ఆకు మత్తే," అన్నాడు సాంబయ్య వసారాలోంచి. "నిన్న కాసేపు కర్రలందించిందిగా. మజ్జిగిచ్చి పంపు, కూలోళ్ళు తక్కువున్నారు."

కిందటేడు ఆ మాట అన్నది రాఘవమ్మే. పచ్చాకు పట్టినవాళ్ళకు తల తిరగడం, వాంతులు మామూలే. కోడలికి మజ్జిగ తాగించి తొమ్మిది రోజులు ఆ పీట మీద కూర్చోబెట్టింది. పదో రోజు జయమణిని నందిగామ ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

"మూడో నెల గర్భం పోయింది. ఇంట్లో ఎవరికీ తెలీదా?" అంది డాక్టరమ్మ.

ఆకు వల్లేనా అని జయమణి భర్త భవానీప్రసాద్ అడిగాడు. అవునని చెప్పలేననీ, కాదనీ చెప్పలేననీ, మళ్ళీ నెల తప్పితే మాత్రం ఆకు దగ్గరికి పంపొద్దనీ ఆమె అంది.

ఇప్పుడు సాంబయ్య కాగితం పట్టుకుని లోపలికి వచ్చి రాఘవమ్మ ముందు పెట్టాడు.

"ముందు దీని మీద సంతకం పెట్టు. ఆకును వేడి మీద ఎండబెట్టే బ్యారన్ ఇంకోటి కట్టుకుంటే గవర్నమెంటు సబ్సిడీ ఇస్తుందంట. పొలం నీ పేరునుందిగా. పదింటికి ఆఫీసరొస్తాడు."

"నేను పెట్టను."

"ఏందే? ఆకు చెడ్డదైతే గవర్నమెంటే డబ్బులిచ్చి వెయ్యమంటుందా?"

"నందిగామ ఆస్పత్రీ గవర్నమెంటుదే."

"ఎవరు నూరిపోశారు నీకివన్నీ?" అని దొడ్లోంచి వచ్చిన కోడలి వైపు చూశాడు.

"దాన్నేం అనబాక. మన భవానికి ముందు నాకు రెండు కడుపులు పోయినయ్. రెండూ జనవరిలోనే. రెండుసార్లూ మీ అమ్మ మజ్జిగిచ్చింది."

"అయ్యి మన చేతుల్లో ఉన్నయ్యా?"

"భవాని కడుపున పడ్డ ఏడు వానల్లేవు. మనం ఆకు వెయ్యలా. గుర్తుందా?"

సాంబయ్య వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాడు.

"మొదటిది ఏ ఏడు?"

"యాభై ఐదు."

"ఆ ఏడు మన ఆకు మంచి రేటు పలికింది," అన్నాడు. తన మాట తనకే వినపడి ఆగిపోయాడు. గోడకు ఆనుకుని కింద కూలబడి కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

లేచి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చేలో ఇంకా నాలుగు కోతల ఆకుంది. అదెట్టా వదిలేది? ఇంకో ఇద్దరు కూలోళ్ళని పిలుస్తా. అమ్మాయిని మాత్రం పాకలోకి రానీను."

జయమణి దొడ్డి గుమ్మంలో నిలబడి ఉంది.

"వాళ్ళలో కడుపుతో ఉన్నోళ్ళెవరో అడిగారా మావయ్యా?"

రాఘవమ్మ చెయ్యి కడుక్కుని పాకలోకి నడిచింది. సాంబయ్య ఆమె వెనకే వెళ్ళాడు.

"నెల తప్పినోళ్ళుంటే లేవండమ్మా," అందామె మూడో గుంజ దగ్గర నిలబడి. "కూలి పోదు. ఇంట్లో కందులు బాగుచేసే పనుంది."

అల్లడం ఆగింది. ఎవరూ కదల్లేదు.

"కిందటేడు నేను అడగలా," అంది రాఘవమ్మ.

చివరి వరసలో ఒకమ్మాయి కర్ర కింద పెట్టి లేచింది.

సాంబయ్య ఆ కర్ర తీసుకుని ఖాళీ పీట మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆకు పండిస్తున్నా అల్లడం ఆయనకు రాదు. పక్కనున్న ముసలామె చూపించింది. పదింటికి ఆఫీసరు వచ్చేసరికి సంతకం లేని కాగితం ఆయన జేబులోనే ఉంది. ఆయన ఇంకా మొదటి కర్ర మీదే ఉన్నాడు.