అంగారకుడి మీద కుడి మలుపు

కరిగిన మంచునీళ్ళు గాజు గొట్టంలో పోసి, బుడగ లేకుండా మూత బిగించి, హైమవతి దాన్ని ఆటోమేటిక్ పొలారిమీటర్‌లో పెట్టింది. అంగారకుడి ఉత్తర ధ్రువంలో తవ్విన బావుల్లో ఆఖరిదాని మంచు అది. తెరమీద ఎప్పటిలాగే సున్నా వస్తే ఆమె పని అయిపోయినట్టే, వచ్చే రాకెట్‌లో భూమికి వెళ్ళిపోతుంది. యంత్రాలు చూసుకుంటూ ఫిట్టర్ సూరప్పడు ఒక్కడే మిగులుతాడు.

పొలారిమీటర్ చేసే పని చిన్నదే. కాంతి అన్ని దిక్కులా ఊగుతూ వస్తుంది. ఒక ఫిల్టర్ దాన్ని ఒక్క దిక్కునే ఊగనిస్తుంది. ఆ కాంతి గొట్టంలోని ద్రవం గుండా పోయేటప్పుడు, అందులో పంచదారలాంటిది ఉంటే ఆ ఊపు కాస్త పక్కకు తిరుగుతుంది. ఎంత తిరిగిందో పూర్వం మనిషి కన్ను పెట్టి చూసి, చక్రం తిప్పి కనిపెట్టేవాడు. ఇప్పుడు యంత్రమే కొలిచి అంకె చూపిస్తుంది. ప్రాణం లేనిచోట పుట్టిన పదార్థంలో కుడికాలి చెప్పులూ ఎడమకాలి చెప్పులూ సమానంగా ఉన్నట్టు రెండు రకాల అణువులుంటాయి. ఒకటి తిప్పితే రెండోది సరిచేస్తుంది. ప్రాణి తయారుచేసిన దాంట్లో మాత్రం ఒక కాలి చెప్పులే ఉంటాయి. సున్నా కాకుండా ఏ అంకె వచ్చినా ఇక్కడ జీవం ఉన్నట్టే.

ఆ రోజు కాంతి కుడికి తిరిగింది.

హైమవతి గొట్టం కడిగి మళ్ళీ పోసింది. మళ్ళీ అదే అంకె.

"సూరప్పడుగారూ, మంచు కరిగే ట్యాంకులో మీరేమైనా వేశారా?"

"నేనేం వేస్తానమ్మా? టీలోకే పంచదార చాలక ఏడుస్తున్నాను."

వేసింది అతనే, ఒక గుప్పెడు. అంకె వస్తే పరీక్షల కోసం ఆమె ఇంకొన్నాళ్ళు ఉంటుందనుకున్నాడు. మరో మనిషి గొంతు వినబడని ఆ మంచులో ఒక్కడే ఉండటమంటే అతనికి భయం.

భూమి మీద పండగ చేసుకున్నారు. తర్వాత ఉత్తర్వు వచ్చింది. రోజూ ఆ ట్యాంకు నీళ్ళే తాగినవాళ్ళు ఏ సూక్ష్మజీవిని మోసుకొస్తారో తెలియదు కాబట్టి వాళ్ళిద్దరూ ఇక ఎన్నటికీ తిరిగి రాకూడదు. రాకెట్ సామాన్లు దించి ఖాళీగా వెళ్ళిపోతుంది.

చెల్లెలి కూతుర్ని ఇంకా ఎత్తుకోనైనా లేదని హైమవతి అంది. అప్పుడు సూరప్పడు నిజం చెప్పేశాడు. ఆమె అతన్ని రేడియో దగ్గరికి తీసుకెళ్ళి, భూమికి కూడా చెప్పించింది.

చాలాసేపటికి జవాబొచ్చింది.

"ఇంటికి రావాలనుకునే వాళ్ళు ఇలాగే చెబుతారు. యంత్రానికి ఇంటి మీద బెంగ ఉండదు."

ఆమె ట్యాంకు కడిగించి కొత్త మంచు కరిగించింది. సున్నా వచ్చింది. ఈ ముక్కలో లేకపోతే పక్క ముక్కలో ఉండొచ్చు అన్నారు. జీవం ఉందని చెప్పడానికి ఒక్క అంకె చాలింది. లేదని చెప్పడానికి ఎన్ని సున్నాలైనా చాలలేదు.

రాకెట్ వచ్చి, వెళ్ళిపోయింది. సూరప్పడు కోరుకున్నట్టే హైమవతి ఉండిపోయింది. గోడ అవతల ఆమె నడిచే చప్పుడు అతనికి వినిపిస్తుంది. మాట మాత్రం లేదు.

ఒకసారి పైపు బిగిస్తుంటే రెంచీ జారి అతని అరచెయ్యి చీరుకుపోయింది. ఆమె వచ్చి, నెత్తురు తుడిచి, మందు రాసి, శ్రద్ధగా కట్టు కట్టింది. నొప్పిగా ఉందా అని అడుగుతుందేమోనని అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె కట్టు చివర ముడి వేసి, కత్తెర తీసుకుని, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.