కల్వర్టు కాడ దగ్గు

తొండూరు నుంచి సింహాద్రిపురం పోయే దోవలో, చీనీకాయల తోటలు దాటినాక ఒక కల్వర్టు వస్తాది. పొద్దు గుంకినాక ఆడ ఎవురూ ఆగరు. ఎద్దుల బండ్లోళ్ళు గూడా గొంతెత్తి పాట పాడుకుంటా దాటిపోతారు.

ఎందుకంటే... ఆ కల్వర్టు కాడ ఎవురో దగ్గుతారు.

తిప్పన్న అని గొర్లు మేపుకునే ఆయన ఉండె, పాపం. ఈ పార్టీ కాదు, ఆ పార్టీ కాదు. ఎవురి కోసమో కాపు కాసినోళ్ళు చీకట్లో ఈయన్ను నరికేసినారు. నరికినాక అగ్గిపుల్ల గీసి మొగం చూసి, "అయ్యో, తిప్పన్న గదప్పా!" అన్నారంట. అప్పుడు అనుకొని ఏం లాభం? బీడీలు తాగీ తాగీ తిప్పన్నకు దగ్గు ఉండె. మనిషి పోయినా ఆ దగ్గు మాత్రం ఆడ్నే ఉండిపోయిందని జనం చెప్పుకుంటారు.

దాన్ని అందరికంటే ఎక్కువసార్లు ఇనింది పులివెందుల ఖలందర్. ఈ సంగతి ఆయన నోటెంట వచ్చిందే.

ఖలందర్‌ది మోటార్లకు వైండింగు చేసే పని. ఆ ఏండ్లల్లో తోటలకు కరెంటు రాత్రిపూటే ఇస్తాండ్రి. కరెంటు రాత్రొస్తే మోటార్లు కాలిపోయేదీ రాత్రే గదా! రెండు పార్టీలోళ్ళకూ ఆయనే దిక్కు. ఒకరినొకరు చంపుకునేటోళ్ళు గూడా ఆయన బండి పోతాంటే దోవ ఇడిసేటోళ్ళు. ఖలందర్ మామకేమన్నా అయితే తోటలు ఎండిపోతాయని వాళ్ళ భయం.

ఆ బండి ఒక పాత బుల్లెట్టు. పెండ్లైన కొత్తల్లో ఫాతిమాను ఎనక కూర్చోబెట్టుకొని దాని మీదే అజ్మీరు దాకా పోయొచ్చినాడు. ఇప్పుడు గుంతల్లో కుదుపు ఆపే ఎనక షాకులు రెండూ చచ్చిపోయినాయి. గుంతలో పడితే చాలు — ధడేల్... ధడేల్... ఇనుము ఇనుముకు తగిలేది. ఆ దెబ్బంతా ఖలందర్ నడుముకు. డాక్టరు ఎక్స్‌రే చూసి, "ఇట్లే తిరిగినావంటే ఏడాదిలో మంచం పడతావు" అని తేల్చి చెప్పేసినాడు.

"కొత్తవి ఎయ్యించుకోమని ఎన్నిసార్లు మొత్తుకోవాల?" అని ఫాతిమా దినామూ పోరు. "మంచంలో పడితే నిన్ను ఎత్తి కూర్చోబెట్టేది నేనే గదా!"

ప్రొద్దుటూరులో మెకానిక్ హుమాయున్ షాకుల మీద కారిన ఆయిలు గుడ్డతో తుడిచి చూపిచ్చినాడు. "సీళ్ళు మార్చి ఆయిలు పోస్తే ఆర్నెల్లు లాగుతాది మామా. కొత్త జత ఏస్తే ఇంకోసారి అజ్మీరు పోయి రావచ్చు. ఏం చేద్దామో చెప్పు."

ఖలందర్ రెండు వారాలు ఎటూ తేల్చుకోలేకపోయినాడు. పాత బండికి కొత్త సోకులెందుకని ఒక దినం, నడుము పట్టేసినప్పుడు ఇంకో మాట. ఆఖరికి ఒక శుక్రవారం నమాజు కాంగానే పోయి కొత్త జత ఎయ్యించినాడు. తిరిగొచ్చేటప్పుడు చూడాల ఆయన సంబరం! గుంతలో పడినా పరుపు మీద పడినట్టే ఉంది. ఇన్నేండ్లు నా నడుమును నేనే ఇరగ్గొట్టుకున్యా గదా అని తనను తానే తిట్టుకున్నాడు.

ఆ రాత్రే కబురొచ్చింది. సింహాద్రిపురం కాడ పెద్దసుబ్బమ్మ తోటలో మోటారు కాలింది. చెట్లు పిందె మీదుండాయి, నీళ్ళు తప్పితే అంతా రాలిపోతాది. ఎలక్షన్లకు ఇంక నాలుగే దినాలు.

"ఈ పొద్దు వద్దు" అని ఫాతిమా వాకిట్లో అడ్డం నిలబడింది.

"నన్నెవురేం చేస్తారే? నా బండి తెలీనోళ్ళు ఎవురుండారు?" అని నవ్వి బయలుదేరినాడు.

తోటలు దాటినాయి. లైటు ఎలుగులో కల్వర్టు గోడ తెల్లగా కనపడింది. దానికి ఇవతల ఒక పెద్ద గుంత. ఎప్పుడొచ్చినా ఆ గుంతలో బండి ధడేల్మంటాది. ఆ ఎంటనే గోడ కాడ నుంచి దగ్గు... ఒక్కటే దగ్గు. ఖలందర్ 'బిస్మిల్లా' అనుకొని ఎనక్కి చూడకుండా పోతాండె.

గుంత వచ్చింది. బండి మెత్తగా దిగింది... మెత్తగా లేచింది.

సప్పుడు ల్యా.

అప్పుడు తట్టింది ఆయనకు. ఆ దోవలో బుల్లెట్టు ఉండేది ఇద్దరికే. ఒకటి తనది. రెండోది పార్టీ నాయకుడు రంగన్నది. రంగన్న కోసం ఎదురుపార్టీ వాళ్ళు నెల్లాళ్ళుగా కాపు కాస్తాండారని ఊర్లన్నీ గుసగుసలే. చీకట్లో లైటు ఎనక మనిషి మొగం ఎవురికి కనపడతాది? తన బండిని తన బండని చెప్పేది ఆ ధడేల్ సప్పుడొక్కటే... దాన్ని తానే ఈ పొద్దే పీకించి పారేయించినాడు!

'నేనప్పా, ఖలందర్‌ను' అని అరుద్దామని నోరు తెరిచినాడు.

ఖుళ్ళు...

దగ్గు. ఈసారి గోడ కాడ కాదు — చెవి పక్కనే. గుప్పుమని బీడీ వాసన.

ఖలందర్ బ్రేకు తొక్కేసినాడు. ఇంజను ఆగిపోయింది. గోడెనక నుంచి ఒక మనిషి లేచినాడు. మొగానికి టవలు. పైకెత్తిన చేతిలో నాటుబాంబు.

"మామా... నువ్వేనా?"

ఆ గొంతు ఖలందర్ గుర్తుపట్టినాడు. పెద్దన్న. రంగన్నకు ఎదురుపార్టీ మనిషి. పోయిన నెలే వాళ్ళ తోటలో మోటారు బాగుచేసొచ్చినాడు.

"నేనే... నేనేప్పా..."

"బండికేమైంది? సప్పుడే ల్యాదే?"

"షాకులు... కొత్తవి ఏయించినా."

"ఎంత పని చేసినావు మామా!" పెద్దన్న అన్నాడు. బాంబును మెల్లగా కిందికి దించి, గోడను ఆనుకొని కూలబడినాడు. "రంగన్నే అనుకుంటి. ఇసిరేసేవాణ్ణే. ఏదో నువ్వు దగ్గినావు కాబట్టి సరిపాయ. నెల్లాళ్ళుగా ఈడికి రాంగానే దగ్గుతాండావు గదా... ఆ దగ్గు ఇని ఆపుకున్యా."

ఖలందర్ తల అడ్డంగా ఊపినాడు.

"పెద్దన్నా... నేను ఎప్పుడూ దగ్గలేదప్పా."

పెద్దన్న తలెత్తినాడు. మొగం మీది టవలు జారిపోయింది. చూసేది ఖలందర్‌ను కాదు... ఆయన భుజం మీదుగా, ఎనక్కి.

"ఆ పొద్దు ఎందుకు దగ్గకపోతివి తిప్పన్నా?" అని చిన్నపిల్లోని మాదిరి ఏడుపు ఎత్తుకున్నాడు. "ఒక్కసారి దగ్గింటే... నా చెయ్యి ఆగిపోవును గదా!"

గాలి ల్యా.

ఖలందర్ రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, హ్యాండిలు బిగబట్టుకొని అట్లే కూర్చున్నాడు. ఆయన కదల్లేదు. పెద్దన్న బండిని తాకలేదు. అయినా ఎనకసీటు కింద కొత్త షాకులు కిర్రుమని, ఎవురో దిగిపోయినట్టు నిదానంగా పైకి లేచినాయి.