పాలతో కడిగిన రెండు రాళ్లు

"త్రినాథ్, ఈసారి తుపాకీ అక్కర్లేదు. ఒక రాయి మార్చాలి, అంతే," అన్నాడు చీఫ్ నాగభూషణం ఢిల్లీ నుంచి. ఆయన "అంతే" అన్నప్పుడల్లా ఏజెంట్ త్రినాథరావు ప్రాణం మీదికే వచ్చింది మరి.

మిషన్ ఇదీ. ల్యాబ్‌లో పెంచిన వజ్రాలను గని వజ్రాలని చెప్పి మన మార్కెట్లోకి దింపబోతోంది ఒక విదేశీ ముఠా. వాళ్ల మనిషి విక్టర్ శాంపిల్ రాయితో బిలాస్‌పూర్ హోటల్లో దిగాడు. మధ్యాహ్నం బండికి ముంబై వెళ్లిపోతాడు. ముఠాలో మూడేళ్లుగా మన డబుల్ ఏజెంటైన ప్రసూన ఆ రాయిని తెస్తుంది. దాన్ని ఉంచుకుని, అచ్చం అలాగే సానబెట్టిన గని వజ్రాన్ని ఆమెతో తిరిగి పంపాలి. శాంపిల్ దక్కితేనే మన సైంటిస్టులు అలాంటి రాళ్లను పట్టే మెషీన్ తయారుచేయగలరు.

సేఫ్ హౌస్ ఆ ఊళ్లోనే, లాల్‌ఖదాన్ దగ్గర త్రినాథరావు పెద్దమ్మ కనకమహాలక్ష్మి ఉండే రైల్వే క్వార్టర్. అతను ఫ్యాన్ మెకానిక్ వేషంలో ఉన్నాడు. నల్లకళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్‌తో ప్రసూన వచ్చింది.

"షెడ్‌లో డ్యూటీ ఎవరిది?" అని అడిగింది.

"కరెంటొచ్చాక చెప్తా."

కోడ్ కలిసింది. రాళ్లున్న రెండు కాగితం పొట్లాలూ బల్లమీద పెట్టి, వెనక ఎవరైనా పడ్డారేమోనని ఇద్దరూ గేటు దాకా వెళ్లి చూసొచ్చారు. వచ్చేసరికి కాగితాలు ఖాళీ.

"పెద్దమ్మా, రాళ్లేవి?"

"కొత్త వజ్రం ఇంట్లోకొస్తే పాలతో కడక్కుండా ఎలా ఉంచుతార్రా? రెండూ కడిగీసి అమ్మోరి ముందరెట్టినాను."

"ఏది ఏ పొట్లంలోది?"

"ఏటో బాబూ, రెండూ ఒక్కలాగే ఉన్నాయి."

త్రినాథరావు జేబులోంచి వజ్రాన్ని పట్టే పెన్ను తీశాడు. ఆనిస్తే అది రెండింటికీ కూత పెట్టింది. నోటితో ఊదితే రెండింటిమీదా ఆవిరి నిలవలేదు. ఎందుకు నిలుస్తుంది? రెండూ వజ్రాలే. అదే కార్బన్, అదే గట్టిదనం. ఒకటి భూమి అడుగున యుగాల తరబడి తయారైంది, రెండోది ల్యాబ్‌లో ఒత్తిడి పెట్టే ప్రెస్‌లో కొన్ని వారాల్లో. భూతద్దం పెట్టి ఎంత చూసినా తేడా కనిపించి చావదు.

"ఏదో ఒకటిచ్చి పంపండి," అంది ప్రసూన. "ఆలస్యమైతే వాడు నన్ను బతకనివ్వడు."

"తప్పు రాయి ఇస్తే నీ మూడేళ్లూ గంగలో కలిసినట్టే."

త్రినాథరావు చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"షార్ట్‌వేవ్ యూవీ దీపం కింద పెట్టి ఆర్పాలి. ఇలా ప్రెజర్‌తో పెంచినవి చాలావరకు ఆర్పాక కూడా కాసేపు మెరుస్తాయి. గని రాళ్లలో అది అరుదు. కానీ ఆ దీపం ముంబైలో ఉందయ్యా," అన్నాడు నాగభూషణం.

త్రినాథరావు గోడకి చేరగిలబడ్డాడు. ఇంత సర్వీసులో ఏడుపు రావడం ఇదే మొదలు.

"ముందు నీళ్లు తాగరా. నల్లా నీళ్లు కాదు, లైటు మిషన్లోవి," అంది పెద్దమ్మ.

అతను చివాలున లేచాడు. నీళ్లలో క్రిములను చంపే ఆ దీపం షార్ట్‌వేవే! నీళ్ల మిషన్ విప్పి, దీపాన్ని పూజగదిలో రాళ్లమీద పెట్టి, అందర్నీ బయటికి పంపి తలుపు మూశాడు. కళ్లు గట్టిగా మూసుకుని స్విచ్ వేశాడు, కాసేపయ్యాక ఆర్పాడు. కళ్లు తెరిస్తే చీకట్లో ఒక రాయి నీలంగా మెరుస్తోంది. రెండోది కనిపించనే లేదు, అంటే అదే గనిది. దాన్ని తడిమి తీసి ప్రసూన చేతిలో పెట్టాడు. ఆమె పరుగెత్తింది.

ఇక అతని చేతిలో ఏమీ లేదు. బండి కూత వినిపించింది. ఆ వెంటనే ఫోన్లో మెసేజ్ మోగింది: "దుద్దులు నచ్చాయి." విక్టర్ నమ్మాడు, ప్రసూన క్షేమం.

పెద్దమ్మ సంగతంతా అడిగి తెలుసుకుంది.

"అయితే గనిలోది దొంగలకిచ్చీసి, మిషన్లో చేసిందాన్ని సర్కారుకి దాచినావన్నమాట. అచ్ఛా. దీనికేనేట్రా నీకు జీతమిస్తన్నారు?"