అద్దంలో అతికించిన గాటు

"నిరోషా అమ్ముడుపోయింది. ఎదురు తిరిగితే కాల్చెయ్" అన్నాడు చీఫ్ మహేందర్.

ఏజెంట్ ప్రేమ్‌సాగర్ "నిరోషానా?" అని రెండుసార్లు అడిగాడు. ఒక ఆపరేషన్ కోసం ఆ ఇద్దరూ రెండేళ్లు వికారాబాద్‌లో మొగుడూ పెళ్లాల వేషం వేశారు. ఆమె సంగతేమో గానీ, ఇతనికి ఆ వేషం ఒంటికి పట్టేసింది. కాల్చమంటే కాల్చగలడా పాపం!

బ్రీఫింగ్ చిన్నదే. వికారాబాద్ గుట్టల్లోని ఒక రహస్య ల్యాబ్ నుంచి లేజర్ అద్దాల జత పోయింది. మామూలు అద్దాల మధ్య వెలుగు పాతికసార్లు తిరిగితే పచ్చబడి మసకేస్తుంది. ఈ జత మధ్య వేలసార్లు తిరిగినా తరగదు. మిసైల్‌కి కళ్లు అవే. మధ్యాహ్నం తాండూరులో, నిరోషా నడిపే సెలూన్‌లో, విక్టర్ అనే విదేశీ గూఢచారి వాటిని బండల లారీ డ్రైవర్ జంగప్పకు అప్పగిస్తాడు. జంగప్ప బషీరాబాద్‌లో దొరికిపోయాడు. విక్టర్ అతన్ని ఫొటోలోనే చూశాడు. కాబట్టి ప్రేమ్‌సాగరే జంగప్ప.

జంగప్ప చెంప మీద గాటుంది. ప్రేమ్‌సాగర్ ఫొటోని అద్దం పక్కన పెట్టుకుని, అచ్చం అలాగే కనబడేలా రబ్బరు గాటు అతికించుకున్నాడు.

బండల దుమ్ముకని ముఖానికి కట్టిన రుమాలు సెలూన్ కుర్చీలో కూర్చున్నాకే విప్పాడు. ముందు గోడకో అద్దం, వెనక గోడకో అద్దం.

"నీలం బండలున్నయా?" అంది నిరోషా. అది కోడ్.

"పసుపువే మిగిలినయ్."

వెనక నిలబడ్డ విక్టర్ ముందు అద్దంలో ముఖాన్నీ చేతిలో ఫొటోనీ పోల్చుకుని తలూపాడు. నిరోషా మాత్రం వెనక అద్దం వైపు చూసి పాలిపోయింది. గబగబా దాని మీద టవల్ కప్పింది. ద్రోహి, ఏదో దాస్తోంది అనుకుని ప్రేమ్‌సాగర్ పళ్లు కొరికాడు.

విక్టర్ అద్దాల పెట్టె ఇచ్చి, చేతులు తుడుచుకోవడానికి ఆ టవలే లాగాడు.

అయ్యో! ఒక అద్దం కుడిని ఎడమ చేస్తుంది. రెండో అద్దం మళ్లీ సరిచేసి చూపిస్తుంది. గాటు ఉండాల్సింది ఎడమ చెంపకి. ప్రేమ్‌సాగర్‌కి ఉన్నది కుడి చెంపకి!

విక్టర్ పిస్టల్ తీశాడు. నిరోషా అడ్డం దూకింది. రెండు తూటాలు పేలాయి. రెండోది ప్రేమ్‌సాగర్‌ది. విక్టర్ కూలాడు.

"అద్దం చూసి అతికించుకున్నవ్ గదా పిచ్చోడా" అంది నిరోషా ప్రేమ్‌సాగర్ ఒళ్లో ఒరిగి. "జర చూసుకోవద్దా?"

"నువ్వు అమ్ముడుపోయినవన్నరు..."

"నువ్వు నమ్మినవా?"

అతను జవాబు చెప్పేలోపే ఆమె పోయింది. ప్రేమ్‌సాగర్ వెక్కి వెక్కి ఏడ్చాడు.

"విక్టర్ ముఠాలోకి ఆమెను పంపింది నేనే" అన్నాడు మహేందర్ సాయంత్రం. "నీకు చెబితే నీ ముఖంలో తెలిసిపోయేది. ముఠాలో మిగిలినవాళ్లకి అనుమానం రాకుండా ఫైల్‌లో ఆమె ద్రోహిగానే ఉంటుంది."

ప్రేమ్‌సాగర్ రెండు రోజులు సెలవు అడిగాడు. కారణం "భార్య మరణం" అని రాస్తే, రికార్డులో పెళ్లే లేదని ఆఫీసు తిప్పి పంపింది. ఈసారి "జలుబు" అని రాశాడు. వెంటనే మంజూరైంది.