దాలమ్మ కథకు అడ్డొచ్చిన గోడ

చిత్రగోడ మీద నిన్నటి రంగులు కడిగేసి, కాంతం టీచరు కథాపీఠాన్ని దాలమ్మ ఎత్తుకు దించింది. నీటిబడి అలల మీద మెల్లగా ఊగుతోంది. బల్లల దగ్గర సర్దుకున్న పిల్లల గొంతుల మీద, మాటను గోడకు చేరవేసే స్వరబిళ్ళలు వెలిగాయి.

పిల్లలు కథ చెబుతుండగానే ఆ గోడ బొమ్మ కడుతుంది. ఇల్లంటే ఇల్లు, వానంటే వాన. మంచి పనిమంతురాలే గాని, దానికి ఓపిక తక్కువ. చెప్పే పిల్ల కాస్త ఆగితే చాలు, మిగతా కథ తనే పూరించి శుభం పలికేస్తుంది.

దాలమ్మేమో ప్రతి మాటకీ ఆగుతుంది. ఆగి, అందరి మొహాలూ చూస్తుంది. అందుకే ఏడాదంతా ఒక్క కథయినా తనంతట తాను ముగించలేదు. ఇవాళ కూడా ముగించకపోతే శ్రవణ తరగతికి పంపేస్తారు. అక్కడ పిల్లలు గోడ చెప్పే కథలు వినడమే, నోరు విప్పే పని ఉండదు.

"మా ఊర్లోకి సముద్రం వచ్చీసింది," అని మొదలుపెట్టింది దాలమ్మ. గోడ మీద కెరటం లేచింది. "అందరూ పడవలెక్కీసినారు. మా మామ్మ మాత్రం పొదుగుతున్న కోడిని ఒగ్గీసి రానంది."

ఆగింది. చుట్టూ చూసింది.

గోడ అందుకుంది. రక్షణ డ్రోను దిగి మామ్మనూ కోడినీ ఎత్తుకుపోయింది. అడగకుండానే ఇంద్రధనుస్సు కూడా వెలిసింది.

"అలగ కాదు! డ్రోనూ రాలేదు, గీనూ రాలేదు!" దాలమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

'చివరి అవకాశం' అని చూపించింది గోడ. కాంతం టీచరు ఆ పిల్ల పక్కన కూర్చుంది.

"మీ మామ్మ కూడా కత సెబుతూ ఇలాగే ఆగుతాదేటే?"

"ఆగుతాది టీచరమ్మా. నాను ఊఁ అంతాను, మళ్ళీ సెబుతాది. ఊఁ అనకపోతే పడుకున్నాననీసి మానేస్తాది. ఇక్కడెవులూ అనరు. నా కత ఎవులికీ నచ్చలేదేటో అనుకుంతాను."

టీచరు తల కొట్టుకుంది. పిల్లకు భయమనుకుంది ఇన్నాళ్ళూ. కథ నడుస్తుండగా మరో గొంతు వినబడితే కథ రద్దు అనే నియమాన్ని పిల్లల చేత వల్లె వేయించింది తనే.

గోడ కడిగి మళ్ళీ మొదలుపెట్టించింది. కథ కోడి దగ్గరికి వచ్చింది.

"... ఒగ్గీసి రానంది."

"ఊఁ," అంది కాంతం టీచరు.

హెచ్చరికగా గోడ అంచులు ఎర్రబడ్డాయి. దాలమ్మ మొహం మాత్రం విప్పారింది.

"గంపతో సహా పడవలో ఎట్టీసింది."

"ఊఁ." ఈసారి ముందు బల్ల కూడా కలిసింది.

"వోన కొట్టీసింది. మామ్మ గొడుగు కోడికి పట్టీసి, తను తడిసిపోనాది."

"ఊఁ!" తరగతంతా అంది. గోడకు దూరే సందు దొరకలేదు.

"ఇక్కడికొచ్చినాక పిల్లలొచ్చినాయి. కోడి ముందు మామ్మనే పొడిచింది. అయిపోనాది!"

పిల్లలు విరగబడి నవ్వారు. గోడ చాలాసేపు తటపటాయించింది. ఏ గొంతు ఎవరిదో దానికి తేలలేదు. 'కథకులు ఎవరు?' అని అడిగింది.

"అందరూ," అంది టీచరు.

'శ్రవణ తరగతికి ఎవరు?' గడి నింపందే అది వదలదు.

"గోడనే పంపీయండి టీచరమ్మా," అంది దాలమ్మ. "ఇనడం దానికే రాదు."

కాంతం టీచరు ఆ పిల్లను దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంది. ఇంత తెలివి ఏడాదిగా నోరు మూసుకుని ఉందా అని దిగులూ వేసింది, గర్వమూ కలిగింది. తన ఉద్యోగం ఏమవుతుందో ఆలోచించకుండా, ఆ గడిలో గోడ పేరే నింపేసింది.

సముద్రం మీది బడులన్నిటిలోనూ బొమ్మ కట్టేది ఆ ఒక్క గోడే. అవతలి బడిలో కథ మధ్యలో తడబడిన ఓ పిల్ల, గోడ పూరిస్తుందని చూసింది. గోడ కదల్లేదు, వింటూ ఉండిపోయింది. చేసేది లేక, ఆ పిల్ల తనకు నచ్చినట్టు ముగించుకుంది.